విశాఖలో చేప కొనేముందు, కోసేముందు: పాదరసం నుంచి ఫార్మలిన్ దాకా ఇంట్లో పాటించాల్సిన పద్ధతి

బాలింతకి పాలు బాగా పడాలంటే పాలసొర చేప వండిపెట్టమని విశాఖ తీరంలో ఏ పెద్దావిడనడిగినా చెబుతుంది. వెల్లుల్లి దండిగా వేసి సొరపిట్టు చేసి పెట్టడం తరాలుగా వస్తున్నదే. అయితే గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు తినకూడని చేపలంటూ అమెరికా ఆహార, ఔషధ సంస్థ (ఎఫ్‌డీఏ) వేసిన పట్టికలో సొర కూడా ఉంది. కారణం పాదరసం.

ఇది విని చేపలే మానేస్తామంటే అంతకన్నా నష్టం ఇంకోటి లేదు. మాంసకృత్తులు, అయొడిన్, బిడ్డ మెదడు ఎదుగుదలకి కావాల్సిన ఒమేగా-3 కొవ్వులు కవళ్లంత చవగ్గా ఇచ్చే తిండి మన ఊళ్లో ఏముంది? చేపలు తినాల్సిందే. కాకపోతే ఏ చేప, ఎంత పెద్దది, అందులో ఏ భాగం, పట్టి ఎన్నాళ్లయింది అన్నవి చూసుకుని తినాలి. ఎలా చూసుకోవాలో వరసగా చెబుతాను.

ముందుగా: ఏది ఎక్కడ దాగి ఉంటుంది

చేపలో రసాయనాలున్నాయంటే మనం చేసే పని ఒక్కటే, రాళ్ల ఉప్పు, పసుపు వేసి ఇంకో రెండుసార్లు ఎక్కువ కడగడం. దానివల్ల పోయేది జిగురు, నీచు వాసన, పైనున్న మురికి. లోపలున్నవాటిలో ఒక్కోదానికి ఒక్కో చోటు ఉంది. ఆ చోటు తెలిస్తేనే ఏం చెయ్యాలో తెలుస్తుంది.

పాదరసం కండలో ఉంటుంది. బొగ్గు మండించినప్పుడు, కొన్ని పరిశ్రమల నుంచి గాల్లోకి, నీళ్లలోకి వెళ్లిన పాదరసాన్ని అడుగు బురదలోని సూక్ష్మజీవులు మిథైల్ పాదరసంగా మారుస్తాయి. అది నీటిలోని సన్నటి నాచులోకి చేరుతుంది. నాచుని తిన్న చిన్న జీవుల్లోకి, వాటిని తిన్న నెత్తళ్లలోకి, నెత్తళ్లని తిన్న కోనంలోకి, చివరికి సొరలోకి వెళ్తుంది. ప్రతి మెట్టులోనూ పోగవుతూనే ఉంటుంది. కండలోని మాంసకృత్తులకి అతుక్కుని ఉంటుంది కాబట్టి తోలు తీసినా, వేపుడు చేసినా, పులుసులో గంటసేపు మరిగించినా పోదు. 1956లో జపాన్‌లోని మినమాటాలో బయటపడ్డ జబ్బుకి మూలం ఇదే. ఒక రసాయనాల ఫ్యాక్టరీ వదిలిన పాదరసం అక్కడి అఖాతంలోని చేపల ద్వారా జాలరి కుటుంబాల్లోకి చేరింది. పెద్దగా లక్షణాలు కనిపించని తల్లులకి కూడా మెదడు దెబ్బతిన్న పిల్లలు పుట్టారు.

కాడ్మియం అలా కాదు. పీతలు, రొయ్యలు, స్క్విడ్లలో అది ఎక్కువగా కార్జంలాంటి లోపలి అవయవాల్లో పోగవుతుంది. మనిషి ఒంట్లోకి వచ్చాక మూత్రపిండాల్లో తిష్ఠ వేస్తే సగం తగ్గడానికే 10 నుంచి 30 ఏళ్లు పడుతుంది. పరిశ్రమల నుంచి వచ్చే పీసీబీలు, డయాక్సిన్లు అనే విష రసాయనాలు కొవ్వులో ఉంటాయి, అంటే తోలు కింద, పొట్ట దగ్గర. ఇవి కాక చేప నీళ్లలోంచి బయటికొచ్చాక చేరేవి ఉన్నాయి: ఫార్మలిన్, ఎండు చేపల మీద కొట్టే పురుగుమందు, నిలవలో దానంతటదే పుట్టే హిస్టమిన్.

కాబట్టి పాదరసానికి విరుగుడు కొనేచోటే ఉంది. కాడ్మియానికి, పీసీబీలకి కోసేచోట. మిగతావాటికి అమ్మేవాళ్లని అడిగేచోట.

1. సైజు చూసి ఎంచుకోండి

గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే చాలంటే ఇది పెట్టుకోండి: చిన్నది, తక్కువకాలం బతికేది, నాచో చిన్న పురుగులో తినేది అయితే పాదరసం తక్కువ. పెద్దది, ఏళ్ల తరబడి బతికేది, సాటి చేపల్ని వేటాడేది అయితే ఎక్కువ.

మన రేవుల లెక్కలో చెప్పాలంటే నెత్తళ్లు, కవళ్లు, కానాగంతలు, గులివిందలు, రొయ్యలు వారంలో రెండు మూడుసార్లు నిశ్చింతగా తినొచ్చు. చెరువు చేపలైన బొచ్చె, శీలావతి కూడా అంతే. ఏడాదో, ఇంకొంచెం ఎక్కువో పెంచి, తవుడూ చెక్కా మేపి పట్టేవి కాబట్టి వాటిలో పాదరసం పోగయ్యే వ్యవధి ఉండదు. చందువా, కిలో లోపు కోనం, చిన్న పారలు మధ్యరకం. పెద్ద కోనం, పెద్ద సూర (ట్యూనా), కొమ్ము కోనం, సొర మాత్రం ఎప్పుడో ఒకసారి తినేవిగా ఉంచుకోవాలి.

అంకెల్లో చూస్తే తేడా ఎంతో అర్థమవుతుంది. ఆహార, వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి నడిపే నిపుణుల సంఘం, గర్భంలోని బిడ్డని దృష్టిలో పెట్టుకుని, ఒంటి బరువులో కిలోకి వారానికి 1.6 మైక్రోగ్రాముల మిథైల్ పాదరసం మించకూడదంది. 60 కిలోల మనిషికి అది వారానికి 96 మైక్రోగ్రాములు. ఎఫ్‌డీఏ అమెరికా మార్కెట్లో పరీక్షించిన సొరల్లో పాదరసం సగటున గ్రాముకి ఇంచుమించు 1 మైక్రోగ్రాము. అంటే 100 గ్రాముల ముక్కతో వారం కోటా అయిపోయింది. మన కోనానికి దగ్గర చుట్టమైన అక్కడి కింగ్ మాకరెల్‌లో సగటు 0.73. అదే కవళ్ల జాతి చేపల్లో 0.013, రొయ్యల్లో 0.009. కవళ్లు 100 గ్రాములు తింటే లోపలికి వెళ్లేది 1.3 మైక్రోగ్రాములు! ఇవి అమెరికా అంకెలే, మన సముద్రంలో అచ్చంగా ఇవే ఉంటాయని కాదు. కానీ సొరకీ కవళ్లకీ మధ్య ఉన్న దూరం ఏ సముద్రంలోనైనా ఇలాగే పెద్దది.

15 కిలోల పిల్లాడికి ఇదే లెక్క వెయ్యండి. వారానికి 24 మైక్రోగ్రాములు. పెద్ద సొర ముక్క 25 గ్రాములు నోట్లో పెట్టుకుంటే ఆ కోటా అయిపోయినట్టే.

ప్రమాణాలు ఒప్పుకున్నాయి కదా అనుకోడానికీ లేదు. అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు (కోడెక్స్) 2018లో సొరకి కిలోకి 1.6 మిల్లీగ్రాములు, కొమ్ము కోనం జాతికి 1.7 మిల్లీగ్రాముల మిథైల్ పాదరసం దాకా అనుమతించాయి. ఆ చేపల్లో సహజంగానే ఎక్కువ ఉంటుందన్న సంగతి దృష్టిలో పెట్టుకుని గీసిన గీత అది. గర్భిణి వారం వారం తినొచ్చని దానర్థం కాదు.

2. గర్భిణి, బాలింత, చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో

మిథైల్ పాదరసం మాయని (ప్లాసెంటా) దాటుకుని బిడ్డ దగ్గరికి వెళ్తుంది. బొడ్డుతాడు రక్తంలో అది తల్లి రక్తంలో కన్నా ఎక్కువే కనిపిస్తుంది. ఒంట్లోంచి సగం తగ్గడానికి సుమారు రెండు నెలలు పడుతుంది కాబట్టి, నెల తప్పాక మానెయ్యడం కన్నా బిడ్డ కావాలనుకున్నప్పటి నుంచే పెద్ద చేపలు తగ్గించుకోవడం మేలు.

ఎంత తినాలి? వారానికి రెండు మూడుసార్లు, పూటకి సుమారు 110 గ్రాములు, అదీ తక్కువ పాదరసం ఉన్న రకాలు. పిల్లలకి వయసుని బట్టి ఇంకా చిన్న ముక్క.

ఇక పాలసొర సంగతి. అత్తగారితో, అమ్మమ్మతో వాదన పెట్టుకోనక్కర్లేదు. పిట్టు వండే పద్ధతంతా అలాగే ఉంచి చేపని మార్చండి. ఉడికించి, ముల్లు తీసి, ముక్కని పొడిపొడిగా నలిపి, వెల్లుల్లి, మిరియాలు, ఉల్లిపాయతో వేయించడమే కదా. కానాగంతతోనూ, గులివిందతోనూ అది బ్రహ్మాండంగా వస్తుంది. ముల్లు తియ్యడానికి కాస్త ఓపిక కావాలి, అంతే. పాలసొర చిన్నదే కదా అని కొందరంటారు. నిజమే, చిన్న సొరలో పెద్ద సొరలో కన్నా తక్కువే ఉంటుంది. కానీ మార్కెట్లో ముక్కలుగా కోసి పెట్టాక అది అడుగు పొడవు సొరదో ఆరడుగుల సొరదో ఎవరు చెప్పగలరు? బాలింత కోసం కొనేటప్పుడు ఆ సందేహమే చాలు, వద్దనుకోడానికి.

3. ఏ నీళ్లలోదో అడగండి

విశాఖని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లోనే తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేర్చింది. రిఫైనరీ, ఎరువుల కర్మాగారం, ఓడరేవు బొగ్గు, ముడిఖనిజం, దశాబ్దాలు నడిచి ఆగిపోయిన జింక్ స్మెల్టర్, వీటన్నిటి నడుమ నుంచి మేహాద్రిగెడ్డ వాగు వచ్చి లోపలి హార్బర్లో కలుస్తుంది. జింక్ ఖనిజంలో కాడ్మియం తోడుగానే ఉంటుంది. ఫ్యాక్టరీ మూతపడ్డా బురదలో దిగిన లోహం ఎక్కడికీ పోదు.

అలాగని విశాఖ చేపంతా చెడ్డదని కాదు. మన బోట్లు పట్టేది చాలావరకు బయటి సముద్రంలో. తప్పించుకోవాల్సింది గెడ్డల మొగల్లో, హార్బర్ గోడల దగ్గర, డ్రైన్లు కలిసేచోట గాలంతోనో చిన్న వలతోనో పట్టినవి. వాటికన్నా ముందు వదిలెయ్యాల్సినవి అక్కడి రాళ్లకి అతుక్కుని పెరిగే ఆల్చిప్పలు. ఆల్చిప్ప రోజంతా నీటిని వడకట్టుకుని బతుకుతుంది, నీళ్లలో ఏముంటే అది దాని ఒంట్లో చేరుతుంది. సరదాకి ఏరుకొచ్చి వండుకునేవాళ్లని చూస్తే ఆపి చెప్పాలనిపిస్తుంది. వానాకాలం మొదటి పెద్ద వాన పడి గెడ్డలు ఎర్రగా పొంగినప్పుడు ఒడ్డు దగ్గరి పీతలు, ఆల్చిప్పలు కొన్నాళ్లు ఆపండి.

ఇంకో సులువైన పరీక్ష వాసన. చేపకి డీజిల్, కిరసనాయిలు వాసన వస్తే కడిగి వాడుకుందామనుకోకండి. నూనె కండలోకి దిగి ఉంటే వండాక ఆ వాసన ఇంకా పైకి తేలుతుంది.

4. రేవులో కొనేటప్పుడు

ఫిషింగ్ హార్బర్లో తెల్లారుజామున వేలంపాట జరిగేచోట కొన్నా, పెద్దజాలరిపేట ఒడ్డున కొన్నా, పూర్ణా మార్కెట్లో కొన్నా మొదటి ప్రశ్న ఒకటే ఉండాలి.

"అమ్మా, ఇది తెప్పదా, బోటుదా?"

"తెల్లారి తెప్పదమ్మా, మొప్ప ఎత్తి సూడు."

ఈ ప్రశ్న ఎందుకంటే, ఫైబర్ తెప్పల మీద వెళ్లినవాళ్లు ఎక్కువగా మర్నాటికి వచ్చేస్తారు. పెద్ద బోట్లు రోజుల తరబడి సముద్రంలో ఉంటాయి, మొదటిరోజు పట్టిన చేప అన్నాళ్లూ ఐసులోనే ఉంటుంది. ఐసు బాగా ఉంటే బోటు చేపకీ వంక పెట్టక్కర్లేదు. లేకపోతే వచ్చేదే హిస్టమిన్.

కానాగంత, కవళ్లు, సూర, కోనం లాంటి చేపల కండలో హిస్టిడిన్ అనే పదార్థం సహజంగా ఎక్కువ. చేప చల్లదనం తప్పి 4 డిగ్రీలు దాటి ఉండిపోతే బాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మారుస్తుంది. విశాఖ ఎండలో గంపలో రెండు మూడు గంటలు చాలు, అది మొదలవడానికి. ఒకసారి పుట్టాక ఫ్రీజర్లో పెట్టినా, ఉప్పులో ఊరేసినా, నూనెలో వేయించినా పోదు. తిన్న కాసేపట్లో మొహం ఎర్రబడి, తలనొప్పి, దద్దుర్లు, గుండెదడ వస్తాయి. చాలామంది దీన్ని "నాకు చేప పడదు" అనుకుని జన్మంతా కానాగంత మానేస్తారు. పడనిది చేప కాకపోవచ్చు, ఐసు లేకపోవడం కావచ్చు. తినేటప్పుడు నాలిక మీద మిరియం నమిలినట్టు చురచురలాడితే ఉమ్మేసి ఆపెయ్యండి. ఊపిరి ఆడకపోయినా, గుండెదడ తగ్గకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

అందుకే చేపల సంచితో పాటు థర్మాకోల్ పెట్టె ఒకటి తీసుకెళ్లండి. చేపంత బరువు ఐసు, పైనా కిందా. దారిలో కూరగాయలు, పాలు అంటూ తిరక్కుండా నేరుగా ఇంటికి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో మరబోట్ల వేట నిషేధం. ఆ రోజుల్లో మార్కెట్లో పెద్ద కోనాలు, చందువాలు పుష్కలంగా కనిపిస్తే అవి దూరం నుంచో, కోల్డ్ స్టోరేజీ నుంచో వచ్చినవి కావచ్చు. తప్పేం లేదు, ఐసూ మొప్పా రెండింతలు జాగ్రత్తగా చూడాలి. నామటుకు ఆ రెండు నెలలూ తెప్పల మీద వచ్చే చిన్న చేపలకీ, చెరువు చేపలకీ ఓటేస్తాను.

5. ఫార్మలిన్

శవాలు చెడిపోకుండా వాడే ఈ ద్రావణాన్ని చేపల్లో వాడటానికి మన చట్టం ఒప్పుకోదు. అందులోని ఫార్మాల్డిహైడ్‌ని అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో కేన్సర్ తెచ్చే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. 2018 జూన్‌లో కేరళ సరిహద్దు చెక్‌పోస్టుల దగ్గర ఫార్మలిన్ కలిపిన చేపలు టన్నుల కొద్దీ దొరికాయి. జులైలో అస్సాం మన రాష్ట్రం నుంచి వచ్చే చేపల్ని కొన్నాళ్లు ఆపేసింది.

కంటితో చూసి కచ్చితంగా చెప్పడం కుదరదు. కానీ పొంతన కుదరని గుర్తులు అనుమానం తెప్పించాలి. కళ్లు లోపలికి పోయి, మొప్పలు గోధుమరంగుకి తిరిగి, అయినా ఒళ్లు మాత్రం రబ్బరులా గట్టిగా ఉందనుకోండి, ఆ చేప వయసు ఒకటి, బిగువు ఇంకొకటి. మామూలుగా పాతబడ్డ చేప మెత్తబడాలి. నీచు వాసన అస్సలు లేకపోవడం, ఈగలు వాలకపోవడం కూడా అంతే.

తేల్చుకోవాలంటే పరీక్ష పట్టీలున్నాయి. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ (సీఐఎఫ్‌టీ) ఫార్మలిన్‌కి, అమోనియాకి విడివిడిగా వీటిని తయారుచేసింది. ఆ సంస్థకి విశాఖలోనూ పరిశోధన కేంద్రం ఉంది. పట్టీని చేప ఒంటి మీద రుద్ది, ఇచ్చిన ద్రావణం చుక్క వేసి, మారిన రంగుని పెట్టె మీది రంగులతో పోల్చుకోవడమే. అపార్ట్‌మెంటులో నాలుగైదు ఇళ్లు కలిసి ఒక పెట్టె కొనుక్కుంటే భారం అనిపించదు.

ఒక్క జాగ్రత్త. వనమట్టల్లాంటి కొన్ని సముద్రపు చేపల్లో నిలవ ఉన్నకొద్దీ ఫార్మాల్డిహైడ్ దానంతటదే కొంత పుడుతుంది. అందుకే మన దేశ ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) మామూలు రకాలకి కిలోకి 4 మిల్లీగ్రాములు, ఇలాంటి రకాలకి 100 మిల్లీగ్రాములని రెండు హద్దులు పెట్టింది. వనమట్ట మీద పట్టీ రంగు మారిందని అమ్మే ఆవిడ మీద పడిపోవద్దు.

ఫార్మలిన్ నీళ్లలో కరుగుతుంది కాబట్టి నానబెట్టి కడిగితే కొంత తగ్గుతుంది. కానీ అనుమానం గట్టిదైతే కొంత తగ్గిన విషం తినడం ఎందుకు, కొనకండి.

6. కోసేటప్పుడు

కత్తిపీట దగ్గర కూర్చున్నావిడకి ముందే చెప్పండి: తల వేరుగా, పొట్టలోది ఏదీ ముక్కల్లో కలవకుండా. మొప్పలు పూర్తిగా తీయించండి. పొట్ట చీల్చాక వెన్నుముల్లు వెంబడి నల్లటి ఎరుపు గీత ఒకటి కనిపిస్తుంది, చూడ్డానికి గడ్డకట్టిన నెత్తురులా ఉంటుంది. అది చేప మూత్రపిండం. ఎక్కువమంది దాన్ని వదిలేస్తారు. బొటనవేలి గోరుతో తోక వైపు నుంచి తల వైపు గీకితే ఒక్క ఊపులో వచ్చేస్తుంది. ఆ తర్వాత ధార కింద కడగండి.

కొవ్వు చేపైతే పొట్ట అంచు పలచగా కోసి తీసెయ్యండి. తోలు ఇష్టమైతే చిన్న చేపలకి ఉంచుకోవచ్చు, ఎక్కడివో తెలియని పెద్దవాటికి తీసెయ్యడం మంచిది.

పీతల దగ్గరే మనవాళ్లకి కష్టం. డిప్ప తీశాక లోపల కనిపించే పసుపు, గోధుమరంగు మెత్తటి గుజ్జు రుచికరమే, కానీ కాడ్మియం, పీసీబీలు చేరేది అక్కడే. జలుబు చేస్తే పీతని డిప్పతో సహా మరిగించి చారు తాగిస్తారు. మరిగించినప్పుడు ఆ గుజ్జులోవి నీళ్లలోకి దిగుతాయి. గుజ్జు తీసేసి, కడిగి, కాళ్లూ కండా మాత్రమే వేసి చారు పెట్టండి. రొయ్య తల నమలడం, స్క్విడ్ పొట్టలోది ఉంచెయ్యడం కూడా ఇంతే. వీపు నరం ఒక్కటి తీస్తే రొయ్య శుభ్రమైపోదు, తల కూడా తీసెయ్యాలి.

7. వండేటప్పుడు

ఇక్కడ చెయ్యగలిగింది కొంచెమే. కొవ్వు కారిపోయేలా వండితే కొవ్వులో ఉండేవి తగ్గుతాయి. బొగ్గుల మీద కాల్చేటప్పుడు కొవ్వు నిప్పుల మీద పడి లేచే పొగలో కేన్సర్ కారకాలుంటాయి, అరిటాకు చుట్టి కాల్చండి, మాడిన చోటు గీకెయ్యండి.

8. ఎండు చేపలు

నీళ్లు పోతాయి, లోహం పోదు. 100 గ్రాముల ఎండు చేపంటే సుమారు 300 గ్రాముల పచ్చి చేప. కాబట్టి ఎండు సొర కొనడం ఆపెయ్యండి. ఎండు నెత్తళ్లు, ఎండు రొయ్యలు బాగానే ఉంటాయి, తలలు తుంచేసుకోండి. ఈగలు, పురుగులు పట్టకుండా ఎండబెట్టేచోట పురుగుమందు కొట్టేవాళ్లు ఉంటారు, ముఖ్యంగా ముసురు రోజుల్లో. అందుకని బాగా ఎండ కాసే నెలల్లో, ఎండబెట్టే మనిషి దగ్గరే కొని, ఇంట్లో మళ్లీ రెండు ఎండలు చూపించి డబ్బాలో పెట్టుకోండి. వండే ముందు వేడినీళ్లలో పావుగంట నానబెట్టి ఆ నీళ్లు పారబొయ్యాలి.

9. చెరువు చేపల గురించి అడగాల్సింది

పాదరసం తక్కువని చెప్పాను. వీటి దగ్గర ప్రశ్న మందులది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు లాంటి యాంటీబయాటిక్స్ చేపల, రొయ్యల చెరువుల్లో నిషిద్ధం. ఎగుమతి సరుకు పరీక్షల మీద పరీక్షలు దాటాలి, మన మార్కెట్‌కి వచ్చేదానికి అంత కాపలా ఉండదు. ఇంట్లో కనిపెట్టే మార్గం లేదు కాబట్టి ఎక్కడి చెరువుదో చెప్పగలిగే అమ్మకందారుని పట్టుకుని, రకాలు మార్చి మార్చి తినడమే దారి.

10. అనుమానం గట్టిపడితే

పారెయ్యకండి. సగం ముక్కని శుభ్రమైన కవర్లో కట్టి ఫ్రీజర్లో పెట్టండి. కొన్న చోటు, తేదీ, వేళ రాసుకోండి, ఫొటో తీసుకోండి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ టోల్‌ఫ్రీ నంబరు 1800112100కి గానీ, జిల్లా ఆహార భద్రత అధికారికి గానీ ఫిర్యాదు చెయ్యొచ్చు. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో 40వ సెక్షన్ ప్రకారం, కొన్న మనిషే రుసుము కట్టి ఆహారాన్ని ఫుడ్ ఎనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు. అలా చేయిస్తున్నట్టు అమ్మినవాళ్లకి కొనేటప్పుడే చెప్పాలి, ఇది చాలామంది మర్చిపోయే సంగతి. నమూనా నిబంధనలకి విరుద్ధంగా తేలితే కట్టిన రుసుము వెనక్కి వస్తుంది.